టకోమా ట్రక్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

అమెరికాలో పికప్‌ని కూడా ట్రక్ అనే అంటారు. నాది 2012 టయోటా టకోమా. 4.0 లీటర్ల వీ6 ఇంజను, ఫోర్ వీల్ డ్రైవ్, 5 గేర్ల ఆటోమేటిక్. 2005 నుంచి 2015 దాకా వచ్చిన వీ6 టకోమాల్లో ఆటోమేటిక్ అంటే ఇదే గేర్‌బాక్సు, ఏ750 అంటారు. డాలస్ పక్కన మా ఇంటి గరాజ్‌లో దీని ఆయిల్ ఇప్పటికి నాలుగుసార్లు మార్చాను. మొదటిసారి తప్పు చేశాను. ఆ తప్పేమిటో తెలిస్తే సగం పని వచ్చేసినట్టే, కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ఈ గేర్‌బాక్సుకి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, లేదు. మట్టం చూడాలంటే కింద పాన్‌కి, అంటే ఆయిల్ నిలిచే రేకు తొట్టికి, ఉన్న చిన్న ఓవర్‌ఫ్లో ప్లగ్ తీయాలి. దాని పైన పాన్ లోపల ఒక పొట్టి గొట్టం నిలబడి ఉంటుంది. ఆయిల్ ఆ గొట్టం అంచు దాటితే కిందికి కారుతుంది, దాటకపోతే కారదు. మన ఇళ్ళ మీద నీళ్ళ ట్యాంకుకి ఓవర్‌ఫ్లో పైపు ఉన్నట్టే. నేనేం చేశానంటే, కొత్త ఆయిల్ పోసి, బండిని పది మైళ్ళు తిప్పి తెచ్చి, ఇంజను ఆపి, తాపీగా కిందికి దూరి ఆ ప్లగ్ తీశాను. ధార కట్టింది. ఎక్కువ పోశాననుకుని అది ఆగేదాకా వదిలేసి బిగించాను. రెండు వారాలు తిరక్కముందే, పొద్దున్నే రివర్స్ నుంచి డ్రైవ్‌లోకి వేస్తే బండి ఒక క్షణం ఆలోచించి కదలడం మొదలుపెట్టింది. మళ్ళీ పద్ధతి ప్రకారం కొలిస్తే దాదాపు క్వార్టున్నర, అంటే ఇంచుమించు లీటరున్నర, తక్కువ తేలింది.

జరిగింది ఇదీ. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. పైన తిరుగుతున్న ఆయిల్ పాన్‌లోకి దిగి మట్టం పెరిగినట్టు కనిపిస్తుంది. పైగా వేడెక్కిన ఆయిల్ వ్యాకోచిస్తుంది. నేను వదిలేసింది ఎక్కువైన ఆయిల్ కాదు, గేర్‌బాక్సుకి కావలసిన ఆయిలే. మట్టం చూసేటప్పుడు ఇంజను నడుస్తూ ఉండాలి, ఆయిల్ వేడి 46 నుంచి 56 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, బండి సమతలం మీద నిలబడాలి. విప్పడం, బిగించడం, పోయడం ఎవరైనా చేస్తారు. తేడా వచ్చేది ఇక్కడే.

అసలు మార్చాలా?

ఈ గేర్‌బాక్సులో టయోటా డబ్ల్యూఎస్ అనే ఆయిల్ వాడతారు. వరల్డ్ స్టాండర్డ్ అని దాని పూర్తి పేరు. మామూలు వాడకానికి దీన్ని మార్చమని కంపెనీ షెడ్యూల్లో ఉండదు. అందుకే అందరూ లైఫ్‌టైమ్ ఆయిల్ అంటారు. ఎవరి లైఫ్‌టైమో మాత్రం చెప్పరు. ట్రైలర్ లాగేవాళ్ళకి, బరువులు మోసేవాళ్ళకి అదే షెడ్యూల్లో 60,000 మైళ్ళకి మార్చమని ఉంటుంది. అంటే సుమారు 96,500 కిలోమీటర్లు. టెక్సాస్ ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో పాకే బండిని కూడా నేను ఈ లెక్కలోనే వేస్తాను. ఆటోమేటిక్‌లో ఆయిల్ అంటే కందెన ఒక్కటే కాదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజను బలాన్ని చక్రాలకి అందించేది అదే, క్లచ్చుల్ని పీడనంతో నొక్కేది అదే, వేడిని మోసుకెళ్ళి రేడియేటర్‌కి ఇచ్చేదీ అదే. ఒకప్పుడు ఈ ఆయిళ్ళలో ఘర్షణ సరిగ్గా ఉండడానికి స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికాలో దాన్ని నిషేధించాక కంపెనీలు ప్రత్యామ్నాయాల కోసం నానా తంటాలు పడ్డాయి. కాబట్టి "ఏదో ఒక ఎర్ర ఆయిల్ పోస్తే పోలా" అనుకోకండి. సీసా మీద డబ్ల్యూఎస్ అని ఉన్నదే కొనండి. పాత టీ-4 ఆయిల్ దీనికంటే చిక్కన, అది పనికిరాదు.

ఒక హెచ్చరిక. గేర్లు ఇప్పటికే జారుతుంటే, అంటే ఇంజను ఊరికే అరుస్తూ బండి ముందుకు పోకపోతుంటే, ఆయిల్ మార్చినంత మాత్రాన బాగవుతుందని ఆశ పెట్టుకోవద్దు. అరిగిపోయిన క్లచ్ ప్లేట్లకి కొత్త ఆయిల్ మందు కాదు.

ఏమేం కావాలి

డబ్ల్యూఎస్ ఆయిల్ క్వార్టు సీసాల్లో వస్తుంది. క్వార్టు అంటే లీటరుకి కాస్త తక్కువ, 946 మిల్లీలీటర్లు. గేర్‌బాక్సు మొత్తం సుమారు 11 క్వార్టులు పడుతుంది గానీ డ్రెయిన్ ప్లగ్ తీస్తే దిగేది 3 మాత్రమే. మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ పైపుల్లోనూ ఉండిపోతుంది. ఒక విడతకి 4 సీసాలు తెచ్చుకుంటే చాలు. పాన్ కూడా విప్పేట్లయితే 6 తెచ్చుకోండి.

పనిముట్లలో డ్రెయిన్ ప్లగ్‌కి 14 మిల్లీమీటర్ల సాకెట్, కొత్త ఆయిల్ పోసే చోటుండే ఫిల్ ప్లగ్‌కి 24 సాకెట్, ఓవర్‌ఫ్లో ప్లగ్‌కి 5 మిల్లీమీటర్ల అలెన్ కీ కావాలి. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్ తప్పనిసరి. లేకపోతే కొననక్కర్లేదు, ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకుని తిరిగి ఇచ్చేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. సీసా మూతికి బిగించే చేతి పంపు ఒకటి, డ్రెయిన్, ఓవర్‌ఫ్లో ప్లగ్‌లకి కొత్త వాషర్లు, గ్లవ్స్, పాత బనియన్లు. ఆయిల్ పట్టడానికి ప్లాస్టిక్ తొట్టి. నేను మొదటిసారి థాంక్స్‌గివింగ్ టర్కీ కాల్చే అల్యూమినియం ట్రే వాడాను. 3 క్వార్టులు నిండిన ఆ ట్రేని ఎత్తబోతే మధ్యలోకి వంగిపోయి గరాజ్ అంతా ఎర్రగా అయింది. అప్పుడే మా అమ్మ ఇంట్లోంచి వచ్చి ఆ ఎరుపు చూసి గుండె పట్టుకుంది. గట్టి తొట్టి కొనండి.

ఖాళీ గ్యాలన్ పాల క్యాన్లు రెండు దాచిపెట్టుకోండి. గ్యాలన్ అంటే 4 క్వార్టులు. కొత్త ఆయిల్ ఖాళీ సీసాతో నీళ్ళు కొలిచి పోస్తూ, ఒక్కో క్వార్టుకి క్యాన్ మీద మార్కర్‌తో గీత పెట్టండి. తర్వాత నీళ్ళు పారబోసి ఆరబెట్టండి. కారిన ఆయిల్ ఎంతో ఇందులో పోసి చూడొచ్చు.

ఇంకొకటి, ఆయిల్ వేడి తెలుసుకునే సాధనం. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి (బండి కంప్యూటర్ సమాచారం ఇచ్చే చోటు) గుచ్చే బ్లూటూత్ స్కానర్, ఫోన్‌లో ‘టార్క్’ అనే యాప్ లాంటిదొకటి సరిపోతాయి. ఇంజను వేడి అన్ని యాప్‌లలోనూ కనిపిస్తుంది గానీ ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్సు) వేడి కనిపించాలంటే టయోటాకి సంబంధించిన పీఐడీలు, అంటే బండి కంప్యూటర్‌ని ఒక్కో కొలత అడిగే కోడ్‌లు, యాప్‌లో విడిగా చేర్చుకోవాలి. ఈ పని ముందురోజు రాత్రే సోఫాలో కూర్చుని చేసుకోండి. బండి కింద పడుకుని ఫోన్‌తో కుస్తీ పట్టడం కంటే అది మేలు. ఓబీడీ సాకెట్‌లో 4, 13 పిన్నులకి తీగ కలిపి, డ్యాష్‌బోర్డు మీది డి దీపం వెలుగుని బట్టి వేడి తెలుసుకునే పద్ధతి కూడా టయోటా పెట్టింది. పని చేస్తుంది. కానీ తీగ పక్క పిన్నులో దూరితే వచ్చే ఖర్చు తలుచుకుని నేను స్కానర్‌కే ఓటేస్తాను.

బండిని సిద్ధం చేయడం

రాత్రంతా నిలబెట్టిన బండి మీద పొద్దున్నే మొదలుపెట్టండి. ఆగస్టులో టెక్సాస్‌లో మధ్యాహ్నం మొదలుపెడితే ఇంజను స్టార్ట్ చేయకముందే ఆయిల్ 38 డిగ్రీలు ఉంటుంది, 46 దాటడానికి ఎంతో సేపు పట్టదు. కింద మీరు ప్లగ్ వెతుక్కుంటూ ఉండగానే సమయం మించిపోతుంది. జనవరిలో అయితే ఇరవై నిమిషాలు టీ తాగుతూ కూర్చోవచ్చు.

టకోమా ఎత్తుగా ఉంటుంది కాబట్టి చాలామంది జాకీ లేకుండానే కింద దూరగలరు. నేనూ అంతే. మీకు చోటు చాలకపోతే నాలుగు మూలలా ఒకే ఎత్తులో జాక్ స్టాండ్ల మీద నిలపాలి. ముందు భాగం మాత్రమే లేపితే మట్టం తప్పు చూపిస్తుంది. స్టాండ్లు లేకుండా ఉత్త జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరొద్దు. పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకి ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టండి. ఇంజను నడుస్తుండగా పని చేయాలి కాబట్టి గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి ఉంచండి. మూసిన గరాజ్‌లో నడిచే ఇంజను కార్బన్ మోనాక్సైడ్‌తో మనిషిని చప్పుడు లేకుండా చంపేస్తుంది. కొన్ని కాలనీల్లో డ్రైవ్‌వే మీద బండి రిపేర్లు హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఒప్పుకోదు, మీ రూల్స్ చూసుకోండి. ఆదివారం పొద్దున లుంగీతో మొదలుపెట్టే అలవాటున్నవాళ్ళు ఈ ఒక్కరోజుకి ప్యాంటు వేసుకోండి.

పైది తీశాకే కిందది

గేర్‌బాక్సు కింద రక్షణ రేకు ఉంటే ముందు దాన్ని విప్పండి. ఇప్పుడు పాన్‌కి రెండు ప్లగ్‌లు కనిపిస్తాయి. స్పానర్ పట్టే తల ఉన్నది డ్రెయిన్, అలెన్ కీ దూరే గుంట ఉన్నది ఓవర్‌ఫ్లో. ఫిల్ ప్లగ్ పాన్ మీద ఉండదు. ప్రయాణికుడి వైపు (అమెరికా బండి కాబట్టి కుడి వైపు) గేర్‌బాక్సు పక్కన, కాస్త పైన ఉంటుంది. దాని తల మీద డబ్ల్యూఎస్ అని అక్షరాలు పోతపోసి ఉంటాయి. టార్చ్ వేసి ఆ అక్షరాలు చదివాకే సాకెట్ పెట్టండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో వెనకాలే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు చక్రాలకీ బలం పంచే పెట్టె) ఉంటుంది, దానికీ ఇలాంటి ప్లగ్‌లే ఉంటాయి. గేర్‌బాక్సు అనుకుని దాని ఆయిల్ ఒంపేసినవాళ్ళు ఉన్నారు.

ముందు ఫిల్ ప్లగ్ వదులు చేయండి. అది కదిలిందని నిర్ధారించుకున్నాకే డ్రెయిన్ ప్లగ్ జోలికి వెళ్ళండి. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన ఫిల్ ప్లగ్ రాకపోతే, అప్పటికే కింద ఆయిల్ ఒంపేసి ఉంటే, బండిని టో ట్రక్ ఎక్కించాల్సిందే.

ఇక తొట్టి పెట్టి డ్రెయిన్ ప్లగ్ తీయండి. మొదటి ధార ఒక అడుగు దూరం చిమ్ముతుంది. తొట్టిని కాస్త అవతలికి జరిపి పెట్టుకుని, ధార బలం తగ్గేకొద్దీ దగ్గరికి లాక్కోండి. పావుగంట కారనివ్వండి. కారుతుండగా ఆయిల్ చూడండి. కొత్తది దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. 60,000 మైళ్ళు నడిచినది బెల్లం పాకం రంగులోకి వస్తుంది, అది మామూలే. నల్లగా ఉండి మాడిన వాసన వస్తే క్లచ్చులు వేడికి దెబ్బతిన్నట్టు. గులాబీ రంగు పాలలా, స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా ఉంటే మాత్రం అక్కడితో ఆపేయండి. రేడియేటర్ అడుగున ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ని చల్లబరిచే చిన్న కూలర్ ఉంటుంది. అది లోపల లీకైతే కూలెంట్, ఆయిల్ కలిసి ఆ రంగు వస్తుంది. అప్పుడు ఆయిల్ మార్పు చాలదు, రేడియేటర్ మార్చాలి, గేర్‌బాక్సుని మెకానిక్‌కి చూపించాలి.

కారడం ఆగాక కొత్త వాషర్ వేసి డ్రెయిన్ ప్లగ్ 20 న్యూటన్ మీటర్లకి, అంటే 15 ఫుట్ పౌండ్లకి బిగించండి. పాన్ పల్చని రేకు, బలం చూపించే చోటు కాదు. దిగిన ఆయిల్‌ని పాల క్యాన్‌లో పోసి ఎంతుందో కాగితం మీద రాసుకోండి.

పాన్ విప్పాలా?

మొదటిసారి మారుస్తున్నవాళ్ళకి, బండిని పాతదిగా కొన్నవాళ్ళకి విప్పమనే చెబుతాను. లోపలున్న అయస్కాంతాలు గేర్‌బాక్సు గురించి చాలా చెబుతాయి. మిగతా విడతల్లో అక్కర్లేదు.

పాన్ చుట్టూ 10 మిల్లీమీటర్ల తల ఉన్న బోల్టులు 20 ఉంటాయి. ఒక వైపు నుంచి వదులు చేసుకుంటూ వస్తే మిగిలిన ఆయిల్ ఆ వైపు నుంచే తొట్టిలోకి కారుతుంది. అన్నీ ఒకేసారి తీస్తే మీ మొహం మీదే. పాన్ దిగాక అడుగున అయస్కాంతాలు చూడండి. వాటికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటుంది. వేళ్ళ మధ్య రుద్దితే కాటుకలా జారిపోయిందంటే మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే పలుకులు, మెరిసే రేకులు కనిపిస్తే లోపల ఏదో విరుగుతోంది. నా బండిలో కాటుకే ఉంది, ఊపిరి పీల్చుకున్నాను. ఒక్కో అయస్కాంతం ఎక్కడుందో ఫోటో తీసుకుని తుడిచి అక్కడే పెట్టండి.

పైన కనిపించే స్ట్రైనర్ నాలుగు బోల్టుల మీద ఉంటుంది. అందులో ఉండేది లోహపు జల్లెడే. మారిస్తే కొత్త ఓ-రింగ్ వేసి 10 న్యూటన్ మీటర్లకి బిగించండి. పాన్‌కి కొత్త గ్యాస్కెట్ పెట్టండి, దాని మీద సిలికాన్ పూయొద్దు. పిండుకొచ్చిన సిలికాన్ ముక్క ఒకటి ఊడి వాల్వ్ బాడీలోకి, అంటే ఆయిల్‌ని క్లచ్చులకి పంచే సన్నని దారుల్లోకి, పోతే చాలు, చెడిపోతుంది. పాన్ బోల్టుల బిగింపు 4.4 న్యూటన్ మీటర్లే, 39 ఇంచ్ పౌండ్లు. ఫుట్ పౌండ్లు కాదు, ఇంచ్ పౌండ్లు. రెండు వేళ్ళతో స్పానర్ పట్టుకుని ఆపేసే బలం అది. ఎదురెదురు బోల్టులు మార్చి మార్చి రెండు మూడు చుట్లలో బిగించండి. లీకవుతుందేమోనన్న టెన్షన్‌తో గట్టిగా బిగిస్తేనే పాన్ అంచు వంగి లీకవుతుంది.

నింపడం, మట్టం చూడడం

పంపు గొట్టాన్ని ఫిల్ రంధ్రంలోకి దూర్చి, దిగినంత ఆయిల్ ఎక్కించి, పైన అర క్వార్టు అదనంగా పోయండి. ఆ అదనం ఓవర్‌ఫ్లో నుంచి ఎలాగూ దిగుతుంది. ఫిల్ ప్లగ్‌ని చేత్తో తిప్పి ఉంచండి చాలు, మళ్ళీ తీయాల్సి రావచ్చు.

ఇంజను స్టార్ట్ చేయండి. ఏసీ ఆపేయండి. బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి గేర్ లీవర్‌ని పార్క్ నుంచి చివరిదాకా నెమ్మదిగా దింపండి, ఒక్కో చోట నాలుగైదు సెకన్లు ఆగి మళ్ళీ పార్క్‌లోకి తెండి. దీంతో ఆయిల్ అన్ని దారుల్లోకీ వెళుతుంది. ఇంజను నడుస్తూనే ఉండాలి. ఫోన్‌లో పాన్ ఉష్ణోగ్రత అని ఉన్నదాన్ని చూస్తూ ఉండండి. టార్క్ కన్వర్టర్ ఉష్ణోగ్రత అని ఇంకొకటి ఉంటుంది, అది కాదు. 46 డిగ్రీలంటే మే నెలలో రెంటచింతలనో రామగుండాన్నో వార్తల్లోకి ఎక్కించే వేడి, ఫారెన్‌హీట్‌లో 115. అక్కడి నుంచి 56 దాకా, అంటే 133 ఫారెన్‌హీట్ దాకా మీకు సమయం ఉంది. సాధ్యమైతే ఫోన్ పట్టుకుని అంకెలు చదివే మనిషి ఒకరు డ్రైవర్ సీట్లో ఉంటే మంచిది. మా ఇంట్లో ఆ పని మా బావమరిదిది. "బావా, నలభై నాలుగు... నలభై ఐదు..." అని రాకెట్ ప్రయోగంలా లెక్కపెడతాడు. అతను కాలు బ్రేకు మీద, గేరు పార్క్‌లో ఉంచాలని ముందే చెప్పండి.

46 రాగానే ఓవర్‌ఫ్లో ప్లగ్ తీయండి. ఎగ్జాస్ట్ గొట్టం పక్కనే ఉంటుంది, మోచెయ్యి జాగ్రత్త. అదనంగా పోశాం కాబట్టి ముందు పెన్సిలంత ధార వస్తుంది. కాసేపటికి సన్నబడి దారంలా అవుతుంది. ఆ దారం తెగి చుక్కలు మొదలవుతాయి. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం కనిపించగానే ప్లగ్ పెట్టేయండి. పూర్తిగా ఆగేదాకా చూడొద్దు. వేడి పెరుగుతున్నకొద్దీ ఆయిల్ ఉబ్బుతూనే ఉంటుంది కాబట్టి అది ఆగదు కూడా. ప్లగ్ తీస్తే ఏమీ కారకపోతే ఆయిల్ తక్కువున్నట్టు. ఇంజను నడుస్తుండగానే ఫిల్ రంధ్రం నుంచి కొద్దికొద్దిగా పంపు చేయండి, కింద దారం కనిపించగానే ఆపండి. ఈలోపు వేడి 56 దాటిపోతే కంగారు పడొద్దు. ప్లగ్‌లు పెట్టేసి, ఇంజను ఆపి, బండి చల్లారాక ఈ అంకం ఒక్కటే మళ్ళీ చేయండి.

చివరగా ఓవర్‌ఫ్లో ప్లగ్ కొత్త వాషర్‌తో 20 న్యూటన్ మీటర్లు, ఫిల్ ప్లగ్ 39 న్యూటన్ మీటర్లు, అంటే 29 ఫుట్ పౌండ్లు. అంతా తుడిచేయండి. తుడవకపోతే రేపు కనిపించే తడి లీకా, పాత మరకా అన్నది తేలదు. రక్షణ రేకు మాత్రం ఒకరోజు తిప్పి, లీకు లేదని చూశాకే బిగించండి.

ఆ తర్వాత

11 క్వార్టుల్లో 3 మార్చారు కాబట్టి లోపల కొత్తది పావు వంతు చిల్లర మాత్రమే. ఇలాగే రెండు మూడు వారాల ఎడంతో మొత్తం మూడు విడతలు చేస్తే కొత్త ఆయిల్ దాదాపు 60 శాతానికి చేరుతుంది. కూలర్ గొట్టం ఊడదీసి, ఇంజనుతోనే పాతది బయటికి తోయించి అంతా ఒకేసారి మార్చే పద్ధతీ ఉంది. పోసేది, వచ్చేది సమానంగా లేకపోతే పంపు ఎండిపోతుంది, అందుకే మొదటిసారి చేసేవాళ్ళకి నేను చెప్పను. మూడు విడతల పద్ధతిలో సమయం ఎక్కువ పడుతుంది, ప్రమాదం తక్కువ.

పాత ఆయిల్‌ని పాల క్యాన్లలో మూతపెట్టి ఆటోజోన్‌కో ఓరైలీకో తీసుకెళితే ఉచితంగా తీసుకుంటారు. కూలెంటూ నీళ్ళూ కలపకుండా తీసుకెళ్ళండి, కలిసినది తీసుకోరు. వీధి కాలవలో మాత్రం పోయొద్దు, అది శుద్ధి కాకుండా నేరుగా వాగుల్లోకి, చెరువుల్లోకి పోతుంది.

మైలేజీ, తేదీ, ఎంత దిగింది, ఎంత పోశాను అన్నవి ఒక టేపు ముక్క మీద రాసి గ్లవ్ బాక్సు మూత లోపల అంటిస్తాను. ఇప్పుడక్కడ నాలుగు ముక్కలున్నాయి. మొదటి దాని మీద మా బావమరిది పెట్టిన ప్రశ్నార్థకం అలాగే ఉంది.